అచ్చు కడిగిన చెయ్యి

ఆ మనిషి వచ్చేసరికి రెబ్కా మజ్జిగ గిన్నెలో చేతులు పెట్టుకుని గుమ్మంలో కూర్చుని ఉంది. మిరపకోతలకు వెళ్ళొచ్చిన ఏ ఆడమనిషికైనా సాయంత్రం పూట అదే పని. పొద్దున ఆరింటికి ఒక్కో ఆటోలో పద్నాలుగు మంది ఇరుక్కుని వెళ్తే, మళ్ళీ దిగేది అయిదున్నరకి. తొడిమ దగ్గర గిల్లి గిల్లి వేళ్ళ సందులు భగ్గుమంటుంటాయి. మరిచిపోయి ఆ చేత్తో కన్ను నలుపుకుంటే ఇక అంతే సంగతులు. ఇరవై ఏళ్ళ పిల్లలకైతే చెల్లుతుంది గానీ, యాభై మూడేళ్ళ వయసులో నడుం వంచి సాలు వెంట నడవడమంటే దేవుడు కనపడతాడు. ఈ ఏడాదితో చాలనుకోవడం రెబ్కాకి ఇది నాలుగో ఏడాది.

వచ్చినతను ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. మెడలో కార్డు వేలాడుతోంది. మెడలో కార్డున్నవాడు పేటలోకి వచ్చాడంటే ఏదో ఒక కాగితం అడగడానికే అని రెబ్కాకి తెలుసు.

"ఆధార్ జిరాక్స్ మొన్ననే ఇచ్చానండి," అంది లేవకుండానే.

అతను నవ్వాడు. "ఆధార్ కాదమ్మా. పలకల కంపెనీలో అచ్చు దగ్గర పనిచేసిన రెబ్కమ్మగారు మీరేనా?"

పలకల కంపెనీ! ఆ మాట బయటివాళ్ళ నోట విని ఎన్నాళ్ళయింది! మార్కాపురం పలక అంటే ఒకప్పుడు చదువుకున్న ప్రతివాడి చంకలోనూ ఉండేది. ఊరి చుట్టూ గనులు, ఊళ్ళో సందుకొక షెడ్డు. గనిలో మగవాళ్ళు రాతిని పొరలు పొరలుగా చీల్చేవాళ్ళు, షెడ్డులో ఆడవాళ్ళు నునుపు చేసి చెక్క చట్రాలు బిగించేవాళ్ళు. తర్వాత ప్లాస్టిక్ పలకలొచ్చాయి, నోటుపుస్తకాలొచ్చాయి, ఇప్పుడు ఫోన్లొచ్చాయి. గనుల్లో నీళ్ళు నిలిచాయి. షెడ్లు ఒకటొకటీ మూతబడ్డాయి. రాయి పట్టిన చేతులే ఇప్పుడు పత్తి తీస్తున్నాయి, మిరపకాయలు కోస్తున్నాయి. ఊరు అలా ఉండనే ఉంది గానీ, దాని పని దాని చేతిలోంచి జారిపోయింది.

అతని పేరు శ్యామ్ సుందర్. గుంటూరు నుంచి వచ్చాడట. వాళ్ళదేదో ట్రస్టు. పాత షెడ్డుని బాగుచేసి 'పలకల గది' అని పెడుతున్నారట. ఊరి చరిత్ర గోడల మీద రాయిస్తున్నారట. శనివారం ప్రారంభం.

"అందులో ఒక సీటుందమ్మా. చూడ్డానికొచ్చినవాళ్ళు పేరు చెప్తారు. మీరు చిన్న పలక మీద ఆ పేరు రాసి ఇవ్వాలి, అంతే. కుర్చీ ఉంటుంది, ఫ్యాను ఉంటుంది. నెలజీతం. అప్పట్లో పనిచేసినవాళ్ళే ఉంటే బాగుంటుందని వెతుక్కుంటూ వచ్చాను."

రెబ్కా చేతులు గిన్నెలోంచి బయటికి తీసింది. ఫ్యాను అన్న మాట దగ్గరే ఆమె మనసు ఆగిపోయింది.

"ఇరవై రెండేళ్ళు అఆల అచ్చు దగ్గర ఉన్నారంటే, మీకు రాయడం వచ్చుగా?" అన్నాడతను.

"వచ్చండి," అంది రెబ్కా.

ఆ మాట ఎలా వచ్చిందో ఆమెకే తెలియదు. వేలిముద్ర తప్ప ఏనాడూ ఒక్క సంతకం పెట్టిన మనిషి కాదు. శుక్రవారం పొద్దున షెడ్డుకి రమ్మని చెప్పి అతను వెళ్ళిపోయాక, గిన్నెలో మజ్జిగ వంక చూస్తూ అలాగే కూర్చుంది. అబద్ధమాడానా అని తనని తాను అడుగుకుంది. అక్షరాలు తెలియవా అంటే తెలుసు. ఒక్కో దాని ఒంపు, ఒక్కో దాని గాడి, అన్నీ తెలుసు. చదవడమే రాదు.

చీకటి పడుతుండగా పక్కింటి ఫెబా దగ్గరికి వెళ్ళింది. ఫెబా ప్రైవేటు స్కూల్లో రెండో తరగతి టీచరు, పేటలో అందరికీ అప్లికేషన్లు రాసిపెట్టేది ఆ పిల్లే. విషయం విని నెత్తిన చెయ్యి పెట్టుకుంది.

"అయ్యో పిన్నీ, మూడ్రోజుల్లోనా? మా స్కూల్లో పిల్లలకి రెండేళ్ళు పడుతోందే!"

"నాకు అక్షరాలు తెలుసే. ఏది ఏదో చెప్తే చాలు."

ఫెబా పలక తీసి 'అ' రాసి చూపించింది. రెబ్కా మెడ వంచి, కళ్ళు చికిలించి చూసింది.

"ఇదేందే, అటు తిరిగి ఉంది?"

"ఏది?"

"ఇదే. మొదటిదేగా? ఇది ఇట్టా కదా ఉండాల్సింది," అంటూ బలపం తీసుకుంది. పలక కుడి చివర నుంచి మొదలుపెట్టి ఎడమకి వరసగా గీసుకుంటూ పోయింది. ఎక్కడా తడబాటు లేదు. అచ్చు గుద్దినట్టు అ నుంచి ఔ దాకా రాసి పెట్టింది. ఫెబా ముందు ఫక్కున నవ్వింది, ఆ తర్వాత నోరు మూసుకుంది. లోపలికి పోయి గోడకున్న అద్దం తీసుకొచ్చి పలక ముందు పెట్టింది. అద్దంలో అక్షరాలన్నీ చక్కగా, బడి పుస్తకంలో ఉన్నట్టే ఉన్నాయి.

"పిన్నీ, నువ్వన్నీ తిరగేసి రాశావు!"

సంగతేమిటంటే, పలక చట్రం మీద ఎర్రరంగుతో అఆలు, కఖలు వేసేది చెక్క అచ్చుతో. చెక్కమీద అక్షరాలు తిరగేసి చెక్కితేనే చట్రం మీద సరిగ్గా పడతాయి. అచ్చు మోపి గుద్దేది బసవమ్మ. రెబ్కా పని అచ్చు కడగడం. పాతిక చట్రాలు గుద్దేసరికి గాళ్ళలో రంగు గడ్డకట్టేది. కిరసనాయిల్లో గుడ్డ ముంచి తుడిచి, సూది పెట్టి ఒక్కో గాడీ తీసి ఇవ్వాలి. ఆ లోపల రెండో అచ్చు నిండిపోయేది. ఇరవై రెండేళ్ళు తల ఎత్తకుండా చేసింది. చట్రాల మీద పడిన అక్షరాలు ఆమె చూడలేదని కాదు, చూసే తీరిక ఎక్కడేడ్చింది! బసవమ్మ గుద్దిన చట్రం గుద్దినట్టే వెళ్ళి ఎండలో ఆరేది. రెబ్కా వేళ్ళకి తెలిసిందల్లా అచ్చే.

"అయితే లోకమంతా ఇటు రాస్తుంటే నేనొక్కదాన్నే అటు నేర్చుకున్నానన్నమాట," అంది రెబ్కా. నవ్వబోయింది గానీ నవ్వు రాలేదు. అంత పనీ చేసి, చివరికి అది కూడా తప్పే నేర్చుకున్నానా అని గుండె కలుక్కుమంది.

మర్నాడు మిరపచేలో సాలు సాలుకీ ఆగి, మట్టిలో వేలితో 'అ' రాసి చూసుకుంది. చెయ్యి దానంతటదే అటు తిరిగేది. చెరిపి మళ్ళీ రాసేది.

"ఏం రెబ్కమ్మా, చేలో ముగ్గులేస్తున్నావా?" అని గట్టు మీంచి మేస్త్రి జక్రయ్య కేకేశాడు. "గంప నిండేది ఎప్పుడు?"

"నిండిద్దిలే, నీ గంపకేం తొందర!" అంది గానీ, ఆ రోజు అందరికన్నా ఆమె గంపలే తక్కువ.

సాయంత్రం ఫెబా గుణింతాలు చెప్పింది, ఒత్తులు చెప్పింది. ఒత్తులు చూసి రెబ్కా ఆశ్చర్యపోయింది. అచ్చు మీద ఒత్తులు లేవు. అక్షరం కింద ఇంకో అక్షరం నక్కి ఉంటుందని ఆమెకి ఎవరు చెప్పారు? తమాషా ఏమిటంటే, అఆలు సరిచేసుకోవడానికే ఆమె ప్రాణం పోయింది గానీ ఒత్తులు మాత్రం ఇట్టే పట్టుబడ్డాయి. వాటిని ఎప్పుడూ తిరగేసి చూసి ఉండలేదు మరి.

"ఇవి కొత్త కోడళ్ళలాంటివే," అంది. "చెప్పినట్టు వింటున్నాయి."

గురువారం మాపటికి, పలక మీద ఎడమ నుంచి కుడికి, ఒక్కో గీతా పళ్ళబిగువున గీసి 'రెబ్కా' అని రాసింది. రాసి అద్దంలో చూసుకుంది. అద్దంలో తిరగబడి ఉంది. అంటే పలక మీద సరిగ్గా ఉన్నట్టే! ఫెబా చప్పట్లు కొట్టింది. రెబ్కా కళ్ళలో గిర్రున నీళ్ళు తిరిగాయి. కొంగుతో తుడుచుకోబోయి, చేతికి మిరప ఘాటు ఉందని గుర్తొచ్చి ఆగింది. చిలకలూరిపేట మిల్లులో వాచ్‌మన్‌గా ఉన్న భర్త జయరావుకి ఫోన్ చేయించి చెప్పింది.

"రాశావా? నువ్వా?" అన్నాడు జయరావు. ఆ వెంటనే, "ఫ్యాను నిజంగానే ఉంటదంటనా?" అని అడిగాడు.

శుక్రవారం కోతకి పోలేదు. ఉన్నవాటిలో మంచి చీర కట్టుకుని షెడ్డుకి వెళ్ళింది.

షెడ్డుని ఆనవాలు పట్టలేకపోయింది. గోడలకి తెల్లరంగు, పైన వరసగా లైట్లు. పైకప్పు దూలాల మీద మందాన పేరుకుని ఉండే రాతిపొడి లేదు. ఎవరో అంతా దులిపేశారు. ఆ పొడి కొంత ఊపిరితిత్తుల్లోకి, కొంత దూలాల మీదకి పోయేది. ఇప్పుడు నేల అద్దంలా మెరుస్తోంది. ఎదురుగా గోడ నిండా పెద్ద బోర్డు. కొత్తగా వచ్చిన చదువు కదా, రెబ్కా ఆగి ఒక్కో అక్షరమే కూడబలుక్కుంది. 'ప… ల… క… ల…' ఆ తర్వాత నోరు తిరగలేదు.

"పలకల గది. ఒకప్పుడు రాష్ట్రమంతటికీ అక్షరం దిద్దించిన ఊరు," అని శ్యామ్ సుందర్ చదివి వినిపించాడు. ఎన్ని గనులు, ఎన్ని లారీలు, ఏ దేశాలకి పలకలు వెళ్ళేవి, అన్నీ ఉన్నాయి. కింద ఒక పక్కన పేర్లున్నాయి.

"ఇవెవరివండీ?"

"కంపెనీలు పెట్టినవాళ్ళవమ్మా."

"రాయి కొట్టినవాళ్ళవి?"

"వాళ్ళు వేలల్లో ఉంటారు కదమ్మా. అన్ని పేర్లు ఎక్కడ పడతాయి?" అన్నాడతను మర్యాదగానే. అతని తప్పేమీ లేదన్నట్టే ఉంది ఆ గొంతు.

కుర్చీ చూపించాడు. ముందు బల్ల, మీద చిన్న పలకల దొంతర, బలపాలు. పైన ఫ్యాను. ఫొటోలు తీసే అబ్బాయొకడు, ఆఫీసమ్మాయి షహనాజ్ చుట్టూ నిలబడ్డారు.

"మొదట మీ పేరు రాయండమ్మా. ఫొటో తీస్తాడు."

రెబ్కా బలపం పట్టుకుంది. ముగ్గురు మనుషులు తన చేతివంకే చూస్తున్నారు. అంతే, మూడు రోజుల చదువు ఎటు పోయిందో పోయింది. ఇరవై రెండేళ్ళ చెయ్యి ముందుకొచ్చింది. కుడి చివర నుంచి మొదలుపెట్టి, గబగబా, తిరగేసి రాసేసింది.

రాశాక చూసుకుని నాలుక కరుచుకుంది. "అయ్యో, ఆగండి! మళ్ళీ రాస్తా, నాకొచ్చు!" అని అరచేత్తో చెరపబోయింది.

"చెరపకండమ్మా!" అని ఫొటోల అబ్బాయి ఆమె చెయ్యి పట్టుకున్నంత పనిచేశాడు. ఫోన్లో తీసి తిప్పి చూశాడు. "సార్, మిర్రర్ రైటింగ్! అచ్చంగా అద్దంలో రాసినట్టే ఉంది చూడండి!"

ఎలా అబ్బిందని అడిగితే అచ్చు సంగతి చెప్పక తప్పలేదు. దొరికిపోయాననుకుంది. కానీ శ్యామ్ సుందర్ ముఖం వెలిగిపోయింది.

"ఇంతకన్నా ఏం కావాలమ్మా! ఇదే ఈ గదికి ప్రాణం. బల్ల మీద అద్దం పెడదాం. మీరు తిరగేసి రాయండి, వచ్చినవాళ్ళు అద్దంలో చూసుకుంటారు."

"సరిగ్గా కూడా రాస్తానండి," అంది రెబ్కా. ఇంకో పలక తీసుకుని, ఈసారి నిదానంగా, సరిగ్గా 'రెబ్కా' అని రాసి చూపించింది. క ఒత్తు కూడా తప్పలేదు. అది రాసి ముగ్గురి ముఖాలూ చూసింది.

షహనాజ్ ఒక్కతే "బాగుందమ్మా" అంది.

"సరిగ్గా ఎవరైనా రాస్తారు కదమ్మా," అన్నాడు శ్యామ్ సుందర్. "దాని కోసం ఎవరొస్తారు? సీటు మీదే. కానీ మీరు తిరగేసే రాయాలి. అదే మీ స్పెషల్."

రెబ్కా ఫ్యాను వంక చూసింది. తిరుగుతూనే ఉంది. "సరేనండి," అంది.

సాయంత్రం ఇంటికొచ్చి చెబితే ఫెబాకి ఒళ్ళు మండింది. "ఇదేం న్యాయం పిన్నీ? నేర్చుకున్నది పనికిరాదా?"

"పోనియ్యవే. ఫ్యాను కింద పని. వాళ్ళకి కావలసింది వాళ్ళకి రాసిద్దాం. నా నడుం నిలబడితే చాలు," అంది రెబ్కా. ఆ మాట అన్నది గానీ, గోడకి ఆనించిన పలక మీద ఆమె పేరు అలాగే ఉంది. అన్నం తింటున్నంత సేపూ అటు చూడకుండా తిన్నది.

శనివారం పెద్దవాళ్ళు వచ్చారు, రిబ్బన్ కత్తిరించారు, ఫొటోలు దిగారు, వెళ్ళారు. తర్వాత జనం వచ్చారు. శ్యామ్ సుందర్ చెప్పింది నిజమే. బోర్డు దగ్గర ఎవరూ ఆగలేదు, అందరూ రెబ్కా బల్ల దగ్గరే మూగారు.

"ఏయ్, చూడు చూడు, ఉల్టా రాస్తోంది!"

"పాపం, పెద్దావిడకి రాయడం రాదనుకుంటా."

"రాకపోతే అద్దంలో కరెక్టుగా ఎలా వస్తుందిరా?"

రెబ్కా తల ఎత్తలేదు. బాలు, అఖిల, ఇలియాస్, ఇలా ఎవరు ఏ పేరు చెబితే ఆ పేరు. గుణింతాలూ ఒత్తులూ అచ్చు మీద లేవు కాబట్టి వాటిని మనసులో తిప్పుకుని రాయాల్సి వచ్చేది. కొన్ని తప్పులు పోయాయి. ఎవరూ కనిపెట్టలేదు. నవ్వుకుంటూ అద్దంలో చూసుకుని, సెల్ఫీ తీసుకుని పోయేవాళ్ళే. మధ్యాహ్నానికి అరవై పలకలయ్యాయి. ఒంటికి ఎండ తగల్లేదు, చేతులు మండలేదు. అయినా సాయంత్రం కోత నుంచి వచ్చినట్టే మెడ లాగుతోంది, ఎందుకో అర్థం కాలేదు.

మూడింటికి కాస్త పలచబడ్డాక బసవమ్మ వచ్చింది. రెబ్కా కడిగిచ్చిన అచ్చు తీసుకుని గుద్దిన బసవమ్మే. ఇప్పుడు మోకాళ్ళు పట్టేసి కర్ర పట్టుకుని నడుస్తోంది. బోర్డు ముందు చాలాసేపు నిలబడింది. దారినపోయే ఒకమ్మాయిని పిలిచి అందులో పేర్లన్నీ చదివించుకుంది. విని, తల ఊపి, రెబ్కా బల్ల దగ్గరికి వచ్చి ఎదురు కుర్చీలో కూలబడింది.

"మా ఆయన పేరు లేదంటగా అందులో," అంది.

"లేదక్కా. మనవాళ్ళవి ఎవరివీ లేవు."

"ఉంటదని నేను మాత్రం అనుకున్నానా ఏంది! చూసి పోదామని వచ్చా." కొంగుతో ముఖం తుడుచుకుంది. "నువ్వు పేర్లు రాసిస్తున్నావంటగా. ఆయన పేరు రాసియ్యవే. ఇంట్లో గోడకి పెట్టుకుంటా. ఫొటో అంటూ ఒక్కటీ లేదు. రేషన్ కార్డులో ఉన్న బొమ్మ ఎప్పుడో చెరిగిపోయింది."

బసవమ్మ భర్త రాయి చీల్చడంలో పేరున్న మనిషి. ఉలి మోపి ఒక్క దెబ్బ వేస్తే కాగితం విప్పినట్టు పొర విడిపోయేది. రాతిపొడి ఊపిరికి అడ్డం పడి, టీబీ మందులు మింగీ మింగీ, నలభై ఆరేళ్ళకే పోయాడు.

శ్యామ్ సుందర్ దగ్గరికి వచ్చాడు. అతని చేతిలో పేర్లు రాసుకునే పుస్తకం ఉంది. "పేరు చెప్పండమ్మా?"

బసవమ్మ కర్ర వంక చూసింది. "మా ఆయన పేరయ్యా."

"అదే, ఏం పేరు?"

"దానికి తెలుసులే," అంది రెబ్కాని చూపించి. పెళ్ళయినప్పటి నుంచీ మొగుడి పేరు నోటితో పలికిన మనిషి కాదామె. షెడ్డులో హాజరు మస్తరుకి మొగుడి పేరడిగినా పక్కవాళ్ళే చెప్పేవాళ్ళు.

"బుల్లయ్య," అంది రెబ్కా.

పలక తీసుకుంది. కుడి చివర బలపం మోపి 'బ' తిరగేసింది. 'కొమ్ము' ఇచ్చింది. అక్కడ చెయ్యి ఆగింది.

బసవమ్మకి చదువు రాదు. ఎటు రాసినా ఆమెకి ఒకటే. గోడకి పెట్టుకుని జీవితాంతం చూసుకుంటుంది, అదే తన మొగుడనుకుంటుంది. ఇంటికొచ్చిన ఏ చదువుకున్నవాడైనా ఇదేంటి ఇలా ఉందని నవ్వుతాడు. బతికినన్నాళ్ళూ ఒక్క కాగితంలోనూ సరిగ్గా పడని మనిషి పేరు. దాన్ని తన చేత్తో తిరగేసి ఇవ్వడమా? రెబ్కాకి ఉక్రోషం వచ్చింది. ఎవరి మీదో తెలియదు. అరచేత్తో పలక మొత్తం తుడిచేసింది.

ఎడమ పక్క నుంచి మొదలుపెట్టింది. బ. దానికి కొమ్ము. ల, దానికి ల ఒత్తు. య, దానికి య ఒత్తు. ఒక్కోటీ ఆగి ఆగి, నాలుక పళ్ళ మధ్య పెట్టుకుని, రాసింది.

"అమ్మా," అన్నాడు శ్యామ్ సుందర్ మెల్లగా. "అలా కాదు కదా. అద్దంలో తిరగబడుతుంది."

"తిరగబడనీండి."

"వెనకాల జనం చూస్తున్నారమ్మా. మనం అనుకున్నది…"

"అనుకున్నామండి. ఈ పేరు మాత్రం నేను తిరగెయ్యను. తర్వాతవి కూడా వెయ్యనేమో. చేతికి ఇప్పుడే అలవాటవుతోంది, మళ్ళీ చెడగొట్టుకోలేను." గొంతు హెచ్చలేదు. అలిసిపోయిన మనిషి మాట్లాడినట్టే మాట్లాడింది.

"సోమవారం మాట్లాడదాం," అని అతను పుస్తకం మూసి పక్కకి వెళ్ళాడు. సోమవారం ఏం మాట్లాడతాడో రెబ్కాకి అర్థమయింది. జక్రయ్యకి ఫోన్ చేయించి ఆటోలో చోటు ఉంచమనాలి అనుకుంది. పై నుంచి ఫ్యాను గాలి ఇంకా తగులుతోంది.

పలక బసవమ్మ ముందు పెట్టింది.

"ఇదేనా?" అంది బసవమ్మ.

"ఇదే. కొంగు తగలనీకు, చెరిగిపోద్ది."

"ఏది ఏదే?"

రెబ్కా ఆమె చూపుడువేలు పట్టుకుంది. గట్టిపడిపోయిన వేలు, రంగు చట్రాలు గుద్దిన వేలు. అక్షరానికి తగలకుండా కిందుగా పెట్టి జరిపింది. "ఇది బు. ఇది ల్ల. ఇది య్య. ఇటు నుంచి ఇటు."

బసవమ్మ మళ్ళీ తనంతట తానే వేలు మొదటికి తెచ్చుకుంది. ఒక్కో అక్షరం దగ్గరా ఆగింది. పెదవులు కదిలాయి.

"బు… ల్ల… య్య," అంది. ఇంకోసారి, కలిపి, "బుల్లయ్య," అంది.

అని ఉలిక్కిపడి చుట్టూ చూసింది. నలభై ఏళ్ళలో మొదటిసారి ఆ పేరు ఆమె నోటి నుంచి వచ్చింది. ముఖం కందగడ్డయింది. రెబ్కా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"నేను పిలవలేదే," అంది. "చదివాను."